ఉపగ్రహం వస్తోందని డొంక సర్దిన ఊరు

కలుపు మొక్కల్ని ఇకమీదట పీకనక్కర్లేదు. ఫొటో తీయించుకుంటే చాలు! పలుగూ పారా పట్టుకుని నడుములు విరగ్గొట్టుకున్న మన తాతలకు ఈ సంగతి తెలియకపోవడం వాళ్ల దురదృష్టం.

పరాయి దేశాల నుంచి వచ్చి మన నేలను ఆక్రమించిన మొక్కలు ఏ ఊళ్లో ఎంత మేర ఉన్నాయో ఆకాశంలోని ఉపగ్రహం ఇప్పుడు ఫొటో తీస్తోంది. ఉన్నచోటల్లా మ్యాపులో ఎర్రరంగు పడుతుంది. వయ్యారిభామ ఎవరి పత్తిచేలో దూరిందో దానికి తెలుసు. సర్కారు తుమ్మ ఎవరి గట్టు ఎక్కిందో తెలుసు. మన గురించి ఇంత శ్రద్ధ ఉన్న చుట్టం ఇంకొకరున్నారా?

ఉదాహరణకు అద్దంకి వైపు ఒక ఊరు. అక్కణ్ణుంచి హైస్కూలుకు పొలాల మధ్యగా ఒక డొంక దారి. దాన్ని సర్కారు తుమ్మ రెండు పక్కల నుంచీ కమ్మేసింది. పదో తరగతి చదివే సమీరా రోజూ సైకిలు తొక్కేది తక్కువ, మోసేది ఎక్కువ. ఎంత లాభమో చూడండి! వ్యాయామానికి వ్యాయామం, పైగా పంక్చర్లు వేయడంలో ఉచిత శిక్షణ. టౌనులో వీటికి ఫీజులు కడతారు!

తారురోడ్డు లేదా అంటారేమో. ఉంది. దాని నిండా గ్రానైట్ లారీలు కూడా ఉన్నాయి. అందుకే వాళ్ల నాన్న బుడే తేల్చేశాడు. డొంక బాగుపడితే బడి, లేకపోతే మిరపకోత.

"ఆ లారీల మధ్యన నిన్నొదిలి, చేలో నాకు చెయ్యాడుద్దా అమ్మా" అన్నాడు.

సరిగ్గా అప్పుడే కబురొచ్చింది. బుధవారం ఉపగ్రహం ఫొటో తీస్తుందట. ఎర్రరంగు ఎక్కువున్న ఊళ్లకు తుమ్మ పీకే జేసీబీని పంపుతారట. సమీరా ఆ రాత్రే సైకిలు గొలుసుకు నూనె పెట్టుకుంది.

సర్పంచి శ్యామలాంబ గారికి మాత్రం బెంగ పట్టుకుంది. అంత పైనుంచి చూస్తే ఊరి పరువేం కాను?

"ఇంటికి చుట్టాలొస్తే మాసిన బట్టలు మంచం కిందకి తోసి, దుప్పటి కిందకంటా లాగమా? ఇదీ అంతే" అన్నారు.

మంగళవారం సాయంత్రానికల్లా మిరపకాయలు ఆరబోసుకునే పట్టాలన్నీ డొంకలో తుమ్మ మీదికి ఎక్కాయి. గాలికి ఎగురుతాయన్న భయం లేదు, ముళ్లే పట్టుకున్నాయి! సహజంగా ఉంటుందని ఒకాయన నాలుగు బుట్టల కాయలు కూడా పైన పరిచాడు. బుధవారం పొద్దున్నే శ్యామలాంబ గారు పట్టుచీర కట్టుకుని డాబా ఎక్కారు. ఫొటోలో తామూ పడాలి కదా!

సమీరా మెట్ల దగ్గర నిలబడి నెమ్మదిగా అడిగింది. "మామ్మగారూ, తుమ్మ కనపడకపోతే జేసీబీ ఎట్టా వస్తుందండీ?"

"ముందు పరువు దక్కనియ్యవే. జేసీబీది ఏముంది, తర్వాత అడుగుదాం."

ఉపగ్రహం మహా మర్యాద గలది. దుప్పటి ఎత్తి చూసే అలవాటు దానికి లేదు. మ్యాపులో ఆ ఊరి మీద ఎర్రచుక్క ఒక్కటీ పడలేదు. జేసీబీ పక్క ఊరికి వెళ్లింది. ఈ ఊరికి 'ముళ్లకంప లేని గ్రామం' అని ప్రశంసాపత్రం వచ్చింది.

పట్టాలు తీసేశాక ఆ పత్రం తెచ్చిన ఆఫీసరు గారు, దగ్గర దారి కదా అని డొంకలోంచి వచ్చారు. బండి టైర్లు రెండూ పోయాయి. పక్కనే సమీరా తన టైరుకు గాలి కొట్టుకుంటోంది.

"సార్, ఇక్కడ తుమ్మ ఉందని రాసుకోండి సార్."

ఆయన ఒంటికాలి మీద నిలబడి, బూటులో దిగిన ముల్లు లాక్కుంటూనే ఫోను చూశారు. "మ్యాపులో లేదమ్మా."

"మరి మీ బూటులో ఉందేంటి సార్?"

ఆయన కాసేపు ముల్లు వంక, కాసేపు ఫోను వంక చూసి, ఫోన్నే నమ్మారు. బండి నెట్టుకుంటూ వెళ్లిపోయారు.

ఇంతకన్నా ఏం కావాలి? ఒక్క మొక్క పీకకుండా ఊరు శుభ్రమైంది! పత్రానికి అద్దం కట్టించి పంచాయతీ ఆఫీసులో తగిలించారు. ముళ్లకు చిల్లులు పడిన పట్టాల మీద మళ్లీ మిరపకాయలు ఆరబోస్తున్నారు. ఆరబోసేవాళ్లలో ఇప్పుడు సమీరా కూడా ఉంది.

ఉపగ్రహానికి నాదొక్కటే మనవి. ఈసారి వచ్చేటప్పుడు పైనుంచి వద్దు, డొంకలోంచి రావాలి. సైకిలు సమీరా ఇస్తుంది. ఇప్పుడు ఆమెకు దాంతో పనేమీ లేదు.