ఒకదాంట్లో ఒకటి పట్టే పది బల్లలు

మానుకోటలో రైల్వే గేటు దాటాక, ఉపేందర్ దుకాణం ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ప్లాను ఉపేందర్ అని అడగాలి. అప్పుడు చంటిపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు.

వడ్రంగంలో అతని చేతికి వంక పెట్టేవాడు లేడు. వంకంతా తలలో ఉంది. స్టూలు చెయ్యమంటే స్టూలు చెయ్యడు. స్టూలుకు నిచ్చెన, నిచ్చెనకు సొరుగు, సొరుగుకు అద్దం పెట్టి ఇస్తాడు. తీసుకున్నవాళ్లు దాని మీద కూర్చోవడానికి భయపడి టీవీ పక్కన పెట్టుకుంటారు.

ఓసారి అతని భార్య రజిత క్యాలెండరుకు ఒక మేకు కొట్టమంది. మూడు రోజుల తర్వాత గోడ మీదికి గిరగిర తిరిగే చట్రం వచ్చింది. ఫ్యాను వేస్తే నెలలు వాటంతటవే మారిపోయేవి. ఆ ఏడు వాళ్లింట్లో ఉగాది రెండుసార్లు వచ్చింది.

రజిత పులిగుట్ట తండా ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఆ బడికి ఉన్నది ఒకటే గది. పొద్దున ఐదు తరగతులూ అందులోనే, మధ్యాహ్నం అన్నాలూ అందులోనే, సాయంత్రం మహిళా సంఘం మీటింగూ అందులోనే. పిల్లలు నేల మీద కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని, నడుము వంచి రాస్తారు. వానాకాలం వస్తే నేలంతా చెమ్మ. పుస్తకాలు తడుస్తాయి, పిల్లలు దగ్గుకుంటూ ఎక్కాలు చెబుతారు. వాళ్లకు బల్లలు రావాలని రజిత ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తోంది.

చివరికి దారి చూపింది తండా పెద్దమనిషి జాల్యా తాత. కొడుకులు స్లాబు ఇల్లు కట్టుకుంటూ పాత పెంకుటిల్లు విప్పితే అందులోంచి టేకు దూలాలు దిగాయి. కొనడానికి జనగామ నుంచి కూడా మనుషులు వచ్చారు. తాత ఎవరికీ ఇవ్వలేదు. "మా పిల్లగాండ్లు రాసుకునేటియి చేపియ్యి టీచరమ్మా" అని ట్రాక్టరు ఎక్కించి పంపాడు. అలాంటి కర్ర ఇప్పుడు దొరకదు. దొరికినా బడికి ఇచ్చేవాడు దొరకడు.

దూలాలు దుకాణం ముందు దిగిన రోజు రజిత భర్తను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"చూడయ్యా, నాకు గొప్ప గొప్ప బల్లలద్దు. పిల్లలు కింద కూసుంటే పొట్ట కాడికి రావాలె. అన్నీ ఒక్క తీరుండాలె. ఇద్దరు పిల్లలు లేపేటంత అల్కగుండాలె. అన్నం యాళ్లకు ఒకదాని మీద ఒకటి పేర్చి మూలకు పెట్టాలె. గంతే."

"గంతేనా?" అన్నాడు ఉపేందర్, ఎవరో తిట్టినట్టుగా మొహం పెట్టి.

"గంతే. ఇగ పిల్లలెంతమందంటే..."

"రజితా, నువ్వు పాఠం చెప్పంగ నేనొచ్చి నడుమ మాట్లాడతనా? కర్ర సంగతి నాకిడిసిపెట్టు."

ఈ మాట అన్నందుకు తర్వాత అతను చాలాసార్లు నాలుక కొరుక్కున్నాడు. ఆ పూట మాత్రం మీసం దువ్వుకున్నాడు.

మర్నాడు పొద్దున రజిత వంటింట్లో తోమిన వంట గంజులు సర్దుతోంది. చిన్నది పెద్దదాంట్లో, అది ఇంకా పెద్దదాంట్లో. పది గంజులూ ఒక్క గంజు చోటులో ఇమిడిపోయాయి. చాయ తాగుతున్న ఉపేందర్ గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగింది.

"ఏమైంది? చాయల ఈగ పడ్డదా?"

"మల్ల తియ్యి."

"ఏంది?"

"గంజులు. మల్ల తీసి, మల్ల పెట్టు."

"నాకు బస్సు యాళ్లయింది. ఆడుకునేటిదుంటే నువ్వే ఆడుకో."

ఆడుకున్నాడు. సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి పది గంజులూ వరుసగా నేల మీద ఉన్నాయి. వాటి మధ్యలో టేపు, పెన్సిలు, ఉపేందర్. పొయ్యి మీద మాత్రం ఏమీ లేదు.

అతని ప్లాను ఇది. ఒకే రకం బల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చడం ఎవరైనా చేస్తారు. ఒకదాని కిందికి ఒకటి దూరిపోయే పది బల్లలు చెయ్యాలి. తరగతికి రెండు. చిన్న తరగతికి చిన్న బల్లలు, పెద్ద తరగతికి పెద్ద బల్లలు. అన్నిటికంటే పెద్దదానికి నాలుగు చక్రాలు. అన్నం వేళకు తొమ్మిదీ దాని కడుపులోకి పోతాయి, దాన్ని తోసుకుంటూ మూలకు పెట్టెయ్యడమే.

పక్కన చాయ కొట్టు నడిపే పురుషోత్తం ఇది విని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పురుషోత్తం ఏది విన్నా కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. అందుకే అతన్ని వాహ్వా పురుషోత్తం అంటారు.

"అన్నా, గిసొంటిది హైదరాబాదుల గూడ లేదు. నీ ఫొటో పేపర్ల వస్తది సూడు."

ఉపేందర్ ఆ రోజే జుట్టుకు రంగు వేయించుకున్నాడు.

భార్యను ఆశ్చర్యపరచాలని దుకాణానికి లోపలి నుంచి గడియ పెట్టుకుని పని మొదలుపెట్టాడు. రజిత బడి నుంచి వస్తూ తలుపు తట్టింది.

"జర తలుపు తియ్యి. జాల్యా తాత ఒక మాట చెప్పుమన్నడు."

"తయారైనంక చూద్దువు గని."

"చూసుడు కాదయ్యా, చెప్పుడు."

"చెప్పుడు గూడ తయారైనంకనే."

"లోపట బల్లలే చేస్తున్నవా, ఇంకేమన్ననా?"

జవాబుగా రంపం చప్పుడు మాత్రం వినిపించింది. ఇలా ఆమె నాలుగుసార్లు వచ్చి నాలుగుసార్లూ తిరిగి వెళ్లింది. ఇంట్లో బల్లల మాట ఎత్తినా అతను చెవులు మూసుకునేవాడు. బల్లలు చూడాలన్న ఆత్రం తట్టుకోలేక వస్తోందని ఉపేందర్ లోపల ముసిముసిగా నవ్వుకున్నాడు.

బడులు తెరిచిన రెండో వారంలో బల్లలు తండాకు చేరాయి. తండా అంతా బడి ముందుకొచ్చింది. చక్రాల పెద్ద బల్లను పక్కకు వంచి, నలుగురు పట్టి గుమ్మం దాటించారు. తొమ్మిది బల్లల్నీ దాని కిందికి దూర్చి, పైన దుప్పటి కప్పి, ఉపేందర్ గొంతు సవరించుకున్నాడు.

దుప్పటి తీశాడు. ఒక్కో బల్లా లాగుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆఖరి బల్ల పీటంత ఉంది. దానికైతే ఈల కూడా వేశారు. ఉపేందర్ జీవితంలో అంత గొప్ప క్షణం అంతకుముందు లేదు. అది రెండు నిమిషాలు నిలిచింది.

"ఐదో తరగతోళ్లు లేవుండ్రి!"

ప్రియ అనే పిల్ల ఒక్కతే లేచింది.

"తక్కినోళ్లేరి?"

"నేనే సార్ ఐదో తరగతి."

ప్రియకు మంచాలంతేసి బల్లలు రెండు వచ్చాయి. ఆమె వెళ్లి ఒకదాని ముందు కూర్చుంటే జడ రిబ్బను తప్ప ఏమీ కనబడలేదు.

"సార్, దీని మీద కూసొని రాయాల్నా, కింద కూసొని రాయాల్నా?"

ఉపేందర్ వినబడనట్టు ఒకటో తరగతిని పిలిచాడు. పదకొండు మంది ఒక్కసారిగా లేచారు. వాళ్లకు పీటల్లాంటి బల్లలు రెండు. ముందు అందుకున్న ఇద్దరూ వాటి మీద ఎక్కి కూర్చున్నారు. తక్కిన తొమ్మిది మంది ఏడుపు అందుకున్నారు.

రజిత ఏమీ అనలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఏమీ అనకపోవడం అతను ఎరగడు.

"గది తర్వాత చూసుకుందం. ముందుగాల మూలకు పెట్టే సౌలత్ చూడుండ్రి" అంటూ తొమ్మిదింటినీ మళ్లీ గబగబా పెద్దదాని కిందికి తోసి, చేతులు దులుపుకుంటూ దాన్ని వదిలేశాడు.

అన్నాలు తినే గది కదా, కడిగిన నీళ్లు బయటికి పోవడానికి నేల గుమ్మం వైపు వాలుగా ఉంటుంది. చక్రాల బల్ల తొమ్మిది బల్లల బరువుతో మెల్లగా కదిలింది. తర్వాత జోరుగా కదిలింది. సూటిగా వెళ్లి గుమ్మంలో ఇరుక్కుంది. గదికి వేరే తలుపు లేదు. బల్లలు లాగే వైపు బయట ఉంది, ఉపేందర్ లోపల ఉన్నాడు.

అన్నం గంజు పట్టుకుని వచ్చిన వంటమనిషి పుష్పమ్మ బయట ఆగిపోయింది. "సారూ, గిది తలుపా, గోడనా?"

లోపల ఇరవై మంది పిల్లలు ఖాళీ పళ్లేలు మోగించసాగారు. పుష్పమ్మ గంజు దింపి, కొంగు బిగించి, బయటి నుంచి బల్లలు ఒక్కొక్కటే లాగింది. లాగిన ప్రతిదానికీ ఒక తిట్టు తిట్టింది. తొమ్మిదీ వచ్చాక పెద్ద బల్ల కింద దారి పడింది. పిల్లలంతా పళ్లేలు పట్టుకుని దాని కింద నుంచి పాక్కుంటూ బయటపడ్డారు. రజిత కూడా చీర కుచ్చిళ్లు దోపుకుని పాకింది. ఉపేందర్ వంగాడు గానీ పొట్ట ఒప్పుకోలేదు.

బడిలో అతనొక్కడే మిగిలాడు. ఎటు చూడాలో తోచక నల్లబల్ల వైపు చూశాడు. దాని మూలలో ప్రతి సర్కారు బడిలోనూ ఉండే పట్టిక ఉంది. ఒకటో తరగతి పదకొండు, రెండోది నాలుగు, మూడోది రెండు, నాలుగోది రెండు, ఐదోది ఒకటి. మొత్తం ఇరవై. రజిత రోజూ పొద్దున రాస్తుంది. ఆమె మరిచిపోయిన సద్ది డబ్బా ఇవ్వడానికి అతను ఆ గదికి ఎన్నిసార్లో వచ్చాడు. ఒక్కసారి కూడా చదవలేదు. బయట పిల్లలు అన్నం తింటున్న చప్పుడు వింటూ అతను సిగ్గుతో చితికిపోయాడు.

చక్రాలు ఊడబీకి, బల్ల వంచి బయటికొచ్చేసరికి జాల్యా తాత వరండాలో ఒక్కో బల్లనూ తిరగేసి చేత్తో తడుముతున్నాడు.

"ఏం దేవులాడుతున్నవు తాత?"

"ఊయల తాడు గుర్తు. నడిమి దూలానికి వేలంత గాడి ఉండె. మా యాడి, మా అమ్మ, నన్ను గా దూలానికే ఊయల కట్టి ఊపింది. నా పిల్లల గూడ ఆడనే ఊపినం. గదొక్కటి ఉంచుమని టీచరమ్మతోని చెప్పి పంపిన."

ఆ గాడి ఉపేందర్‌కు బాగా గుర్తుంది. మంచి కర్రకు ఈ లోపమేమిటని విసుక్కుంటూ రెండు పూటలు చిత్రిక పట్టి పోగొట్టాడు. రాలిన పొట్టును పొయ్యిలోకని పురుషోత్తానికి ఇచ్చాడు.

"గది... నేను నున్నగ చేసిన తాత."

జాల్యా తాత కాసేపు బల్ల మీద అరచెయ్యి ఉంచి నిలబడ్డాడు. "అవు, మంచిగ నున్నగున్నది" అని కర్ర అందుకుని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాడు ఉపేందర్.

ఇంటికి వెళ్తుంటే రజిత ఒకే మాట అంది. "నాలుగు సార్లొచ్చిన."

మర్నాడు అతను బడికి వెళ్లి పిల్లల మధ్య నేల మీద కూర్చున్నాడు. ఇరవై మందికీ మోకాలు ఎంత ఎత్తులో ఉందో, మోచెయ్యి ఎక్కడికొస్తుందో కొలిచాడు. పది బల్లల్నీ విప్పి, రజిత మొదటిరోజు చెప్పినట్టే చెయ్యడం మొదలుపెట్టాడు. అన్నీ ఒకే తీరు, ఒకదాని మీద ఒకటి కూర్చునేలా కాళ్లు కాస్త బయటికి వాలి ఉంటాయి. కానీ ఒకసారి కోసిన కర్ర మళ్లీ అతకదు. ఎటు తిప్పి కొలిచినా పద్నాలుగే తేలాయి. ముందే విని ఉంటే ఇరవై అయి ఇంకా మిగిలేది.

"తక్కిన ఆరు ప్లైవుడ్‌తోని చేస్త" అన్నాడు అన్నం తింటూ.

"చెయ్యి. ప్లైవుడ్ బల్ల ఎవరికియ్యాల్నో గా ఆరు పేర్లు నువ్వే రాసియ్యి."

ఉపేందర్ చెయ్యి కడుక్కుని కాగితం ముందు పెట్టుకున్నాడు. పేర్లు రాయలేదు.

రెండు రోజుల తర్వాత బజారంతా తిరిగి ప్లైవుడ్ ధరలు కనుక్కుని సాయంత్రం ఇంటికొస్తే పడకగది బోసిగా ఉంది. పెళ్లయిన కొత్తలో అతను ఏడాది పాటు చెక్కిన టేకు మంచం లేదు. దాని తలవైపు రెండు నెమళ్లుండేవి, ఒక్కో ఈకా విడిగా చెక్కినవి. పరుపూ దిండ్లూ నేల మీద పొందికగా పరిచి ఉన్నాయి.

"రజితా! మంచమేది?"

"ట్రాక్టరొస్తే ఎక్కిచ్చిన. దుకాణంల దించిన్రు. ఆరు బల్లలయితయి, కొలిచి చూసిన."

"నాకొక మాట చెప్పద్దా?"

"తయారైనంక చెప్దామనుకున్న."

ఉపేందర్ నేల మీది పరుపు అంచున కూర్చున్నాడు. "అది మన మంచమే, రజితా" అన్నాడు.

"మనదే. నాకు బాధ లేదనుకున్నవా?" ఆమె వంగి దిండు సర్దింది. "జాల్యా తాతకు గూడ గట్లనే ఉంటదిగదా."

మంచం కోసిన రోజు రంపానికి రెండో వైపు రజితే పట్టింది. నెమళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఆగారు. పిల్లలు రాసుకునే బల్ల మీద ఎగుడుదిగుడులు ఉండకూడదు. ఉపేందర్ చిత్రిక తీసుకుని తనే పట్టాడు. రజిత అటు తిరిగి నిలబడింది.

తొలి ముసురు పట్టిన రోజుకు ఇరవై బల్లలూ బడికి చేరాయి. అన్నం గంట కొట్టగానే ఇద్దరేసి పిల్లలు ఒక్కో బల్ల ఎత్తి గోడవారగా పేర్చారు. ఎవరూ ఇది నాదని గొడవపడలేదు. అన్నీ ఒక్క తీరే ఉన్నాయి. పుష్పమ్మ తిట్టకుండా అన్నం పెట్టింది.

జాల్యా తాత గొడుగు ముడుచుకుని లోపలికొచ్చాడు. "వడ్లాయనా, గిండ్ల నా నడిమి దూలం ఏది?"

ఏదో ఒక బల్ల చూపిస్తే అయిపోయేది. ఉపేందర్ చెయ్యి లేచింది కూడా. మళ్లీ దించుకున్నాడు.

"తెల్వది తాత. తెల్వకుంట చేసింది నేనే. తప్పయింది."

తాత ఇరవై బల్లల వంకా చూశాడు. "అయితే అన్నీ నాయే అనుకుంట."

"మా మంచం గూడనా?" అంది రజిత వడ్డన దగ్గర నుంచి.

"మీ మంచం గూడ."

అందరూ నవ్వారు. ఉపేందర్ కూడా నవ్వబోయాడు. తను చెక్కిన నెమళ్లు ఏ బల్లలకు పోయాయో పేర్పులో వెతికాడు గానీ పోల్చుకోలేకపోయాడు. దగ్గరికి వెళ్లి పై బల్ల మీద అరచెయ్యి పెట్టి చూశాడు. నున్నగా ఉంది.