పక్క సీటు బ్రేకు

ఆ ఆదివారం పొద్దున ఎగన్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి, కొండ మీది కార్ల క్లబ్బు ట్రాకుకు వెళ్ళి, అందరూ చూస్తుండగా ఒక్క రౌండు కొట్టి, భోజనం వేళకు ఇంటికి వచ్చేయడం. వెనిగర్‌లో రోజుల తరబడి నానిన మాంసాన్ని ఆయన భార్య హెడ్విగ్ ఓవెన్‌లో పెట్టి, సన్నని సెగ మీద వదిలి, చేతిసంచీ పుచ్చుకుని బయలుదేరింది. జర్మనీలోని మా ఐఫెల్ కొండల్లో ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు కొందరు, ట్రాకుకు వెళ్ళేవాళ్ళు కొందరు. రెండు చోట్లకూ వెళ్ళేవాళ్ళు చర్చిలో గడియారం చూస్తూ కూర్చుంటారు.

మాస్టారు రిటైరయ్యేదాకా మా ఊళ్ళో డ్రైవింగు స్కూలు నడిపారు. స్టీరింగు పట్టిన ప్రతివాడూ ఆయన శిష్యుడే, హెడ్విగ్‌తో సహా. స్కూలు కారులో గురువుగారి వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, మాస్టారు దాన్ని చడీచప్పుడు లేకుండా తొక్కేవారు. మలుపు బాగా తిప్పానని కుర్రవాడు మురిసిపోయేలోపు, "మలుపు తిప్పింది నువ్వు కాదు నాయనా, నా కాలు" అనేవారు. ఆ మాటకు ఇంటికెళ్ళి ఏడ్చినవాళ్ళు ఊరి నిండా ఉన్నారు. నేనూ ఉన్నాను.

గొడవ మొదలైంది శుక్రవారం రాత్రి. మా క్లబ్బువాళ్ళకు బీరు హోటల్లో సొంత బల్ల ఒకటుంది, దాని కొసన దీపం కింద కుర్చీ మాస్టారిది. అందులో ఇంకెవరైనా కూర్చుంటే హోటలావిడే లేపేస్తుంది. ఏటా వసంతకాలంలో కొత్త సభ్యులకు ట్రాకు మీద శిక్షణ ఇచ్చేది కూడా మాస్టారే. ఆ మాట వచ్చినప్పుడు లూట్స్ నోరు ఊరుకోలేదు. లూట్స్ హెడ్విగ్ తమ్ముడు, ఊళ్ళో మెకానిక్ షెడ్డు నడుపుతాడు.

"బావా, ఈ కాలం కార్లలో స్టెబిలిటీ కంట్రోల్ అని ఒకటుంటుంది. బండి పక్కకు జారబోతే అదే చూసుకుని, ఏ చక్రానికి కావాలంటే ఆ చక్రానికి బ్రేకు వేసి నిలబెడుతుంది. ఇక నువ్వు నడుపుతున్నావో, అది నడుపుతోందో ఎవడికి తెలుసు?"

మాస్టారు గ్లాసు బల్ల మీద పెట్టిన తీరుకు నురగ లేచి పక్కవాడి చొక్కా మీద పడింది. ఆ యంత్రమంటే ఆయనకు మొదటి నుంచీ మంటే. దానికి అత్తగారు అని పేరు కూడా పెట్టారు. అడగని సలహా, అడగని సాయం, పైగా ఎదురుగా పసుపు దీపం వెలిగించి మరీ దెప్పడం.

"అత్తగారిని ఆపేసి నడుపుతానురా. బండి జారిందా, నాకు శిక్షకుడి పనీ వద్దు, ఈ కుర్చీ వద్దు" అన్నారు.

అదీ ఆ ఆదివారం వెనక ఉన్న కథ. ట్రాకు మొదట్లో క్లబ్బు అధ్యక్షుడు ఓట్మార్, రొట్టెల దుకాణమాయన, పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాడు. మాస్టారు గేరు పక్కనున్న మీటను అందరికీ కనిపించేలా చెయ్యెత్తి, ఒక్కసారి నొక్కి వదిలారు. పసుపు దీపం వెలిగింది.

"అది అలా కాదండీ..." అంది పక్క సీట్లోంచి హెడ్విగ్.

"నీకు బండి నేర్పిందే నేను. నోరు మూసుకుని బెల్టు పెట్టుకో."

హెడ్విగ్ నోరు మూసుకుని బెల్టు పెట్టుకుంది. కాపురంలో కొన్నిసార్లు ఇంతకు మించిన పగ అవసరం ఉండదు.

ఆ రౌండు మాత్రం చూసి తీరాల్సిందే. ప్రతి మలుపులోకీ మాస్టారు ఉండాల్సిన దానికన్నా జోరుగా దూరారు. ప్రతిసారీ బండి ముక్కు బయటికి పోబోవడం, కింద ఏదో గరగరమనడం, అంతలోనే బుద్ధిగా దారిలోకి రావడం. "చూశావా, చెయ్యి. చేతిలో ఉంటుంది విద్య" అన్నారు మాస్టారు. మడత కుర్చీలు వేసుకుని, ఎవరైనా దొర్లకపోతారా అని గడ్డిలో కూర్చున్న జనం ఉసూరుమన్నారు.

మాస్టారు బయటికొచ్చే గేటు మధ్యలో బండి ఆపి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి దిగారు. బండి ఆగితే హ్యాండ్‌బ్రేకు, అది ఆయన మొదటి పాఠం. తర్వాత ఉపన్యాసం అందుకున్నారు.

"కంప్యూటర్లు పుట్టకముందే మలుపులున్నాయి. నేటి కుర్రకారుకు కారు కాదు, ఊయల కావాలి. సిగ్గుండాలి..."

"మాస్టారూ, వెనక చక్రాల్లోంచి పొగ" అన్నాడు ఓట్మార్.

"రాదూ మరి? నడిపిన తీరు అది."

పొగ చిక్కబడింది. ఓట్మార్ కంగారుగా మంటలార్పే సిలిండరు తెచ్చి ఖాళీ చేశాడు. గాలి అటు వీస్తోంది, అటే సాసేజీలు కాలుస్తున్న పొయ్యి ఉంది. తెల్లపొడి సాసేజీల మీదా, ఓట్మార్ భార్య పొద్దున్నే లేచి చేసిన బంగాళాదుంప సలాడు మీదా సమంగా పడింది. ఆవిడ మొగుణ్ణి అన్న మాటలు ఇక్కడ రాయలేను.

ఈలోగా గేటు లోపల కార్లు బారులు తీరి హారన్లు మొదలుపెట్టాయి. బండి పక్కకు తీయబోతే కదలదు. ఇంజను అరుస్తోంది, వెనక చక్రాలు మాత్రం భూమిలో పాతుకున్నట్టున్నాయి. లూట్స్ వచ్చి వంగి చూశాడు.

"మండుతున్న బ్రేకు మీద హ్యాండ్‌బ్రేకు లాగితే అతుక్కుపోదా బావా? ట్రాకు మీదికి వచ్చే పసివాడిక్కూడా తెలుసే."

"పోయిన నెల ఆ బ్రేకులు వేసింది నువ్వేగా. బావ కారని కూడా చూడకుండా నాసిరకం అంటగట్టావు."

అంతే, లూట్స్‌కి తిక్క రేగింది. "నా పనికి వంక పెడతావా? ఒక్క రౌండుకు వెనక బ్రేకులు ఇలా కాలవు. దారి పొడుగునా ఎవరో తొక్కి పట్టుండాలి."

"ఎవరు తొక్కుతారురా? కారులో ఉన్నది నేనూ మీ అక్కా."

క్లబ్బు మొత్తం తల తిప్పి హెడ్విగ్ వైపు చూసింది. మాస్టారి మొహం వికసించింది.

"అదీ సంగతి. భయమేసి హ్యాండ్‌బ్రేకు పట్టుకుని వేలాడి ఉంటుంది. పోనీలే పాపం, ఏమీ అనకండి" అన్నారు ఉదారంగా. ఓట్మార్ కూడా జాలిగా, "భయమన్నది సహజమేనమ్మా" అన్నాడు. చెయ్యని తప్పును పదిమందీ కలిసి క్షమించడం కన్నా అన్యాయం లోకంలో ఉందా? చూస్తున్న నాకే ఒళ్ళు మండింది, ఆమెకు ఎలా ఉండాలి?

హెడ్విగ్ చేతిసంచీని బండి బానెట్ మీద పెట్టింది. ఆమె భర్తను మాస్టారూ అని పిలిచేది కోపం వచ్చినప్పుడే.

"మాస్టారూ, నేను ఏదీ లాగలేదు. మీరే మళ్ళీ వెళ్ళండి, ఒక్కరే. నేను గట్టు మీద నిలబడతాను, నా చేతులు అందరికీ కనిపించేలా."

బ్రేకులు చల్లారాక లూట్స్ సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే చక్రాలు విడిపోయాయి. మాస్టారు ఎక్కి కూర్చున్నారు. హెడ్విగ్ కిటికీలోంచి చెయ్యి పెట్టి అదే మీటను నొక్కింది. వదల్లేదు, అలాగే నొక్కి పట్టుకుంది. కాసేపటికి కుయ్‌మని కూత వినిపించి, ఎదురుగా రెండో దీపం వెలిగింది.

"ఇదేమిటి?" అన్నారు మాస్టారు.

"పొద్దున మీరు ఒక్కసారి నొక్కి వదిలేశారు. అలా నొక్కితే మంచులో బయలుదేరేటప్పుడు చక్రాన్ని కాస్త తిరగనిస్తుంది, అంతే. చలికాలం మన వాకిలి ఎక్కడానికి నేను నొక్కేది అదే. మీ అత్తగారు ఎక్కడికీ పోలేదు, బ్రేకులు కాల్చింది ఆవిడే. ఆవిడ పోవాలంటే కూత వచ్చేదాకా పట్టుకోవాలి."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పబోయాను. బెల్టు పెట్టుకోమన్నారు."

వద్దనడానికి వీల్లేదు, ఓట్మార్ జెండా ఎత్తేశాడు. మొదటి మలుపు మేమంతా నిలబడ్డ గట్టు ఎదురుగానే ఉంది. మాస్టారు పొద్దుటంత జోరుగానే దూరారు. ముక్కు బయటికి పోయింది. గరగర లేదు. కంగారులో ఆక్సిలరేటరు మీంచి కాలు ఒక్కసారిగా తీసేశారు, దాంతో వెనక భాగం ముందుకు రావాలని నిశ్చయించుకుంది. బండి బొంగరంలా రెండు చుట్లు తిరిగి, గడ్డిలోకి దిగి, వచ్చిన దారి వైపే మొహం పెట్టి నిలబడింది. మడత కుర్చీల జనం లేచి చప్పట్లు కొట్టారు. పాపం, పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నారు.

మాస్టారికి దెబ్బ తగల్లేదు. తలుపు తీసుకుని దిగుతూనే, "ఇది కారా? దీనికి పద్ధతి ఉందా? టైర్లు కూడా వీడే వేశాడు" అని లూట్స్ మీద మొదలుపెట్టారు. హెడ్విగ్ గడ్డిలో నడిచి ఆయన ఎదుటికి వెళ్ళింది.

"పొద్దున మలుపులు తిప్పింది మీరు కాదు నాయనా" అంది.

మిగతా సగం ఆమె చెప్పలేదు. గట్టు మీద ఉన్నవాళ్ళందరికీ కంఠతా వచ్చు. మాస్టారు ఎన్నో ఏళ్ళుగా ఆ మాట విసిరారు కానీ, అది తగిలితే ఎలా ఉంటుందో ఆయనకు అప్పుడే తెలిసింది.

హెడ్విగ్ స్టీరింగు ముందు కూర్చుని, ఆగిన ఇంజను వేయగానే అత్తగారు తిరిగొస్తుంది కనక మళ్ళీ కూత వచ్చేదాకా మీట పట్టుకుంది. ముందే వేగం తగ్గించి, మెల్లగా మలుపులోకి వెళ్ళి, బయటికి జోరుగా వచ్చింది. రౌండంతా అంతే. గేటు దాటి పక్కకు ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగకుండా గేరులో పెట్టి దిగింది.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావక్కా?" అన్నాడు లూట్స్ నోరు తెరిచి.

"చలికాలం ఆదివారాలు అమ్మ సమాధికి దీపం పెట్టడానికి వెళ్తాను కదా. పక్కనే సూపర్ మార్కెట్ పార్కింగు. ఆదివారం కొట్టు మూసి ఉంటుంది, నేలంతా మంచు. గుండ్రంగా తిప్పుకోవచ్చు."

"ఒక్క దీపానికి అంతసేపేమిటని నేను అడిగితే, అమ్మతో మాట్లాడుతున్నానన్నావు" అన్నారు మాస్టారు, ఆ రోజంతటిలో మొదటిసారి న్యాయమైన కోపంతో.

"అమ్మ కూడా చూసి సంతోషిస్తుందని" అంది హెడ్విగ్.

ఓట్మార్ శిక్షకుల పసుపు కోటు తెచ్చి ఆమెకు తొడిగాడు. దీపం కింది కుర్చీ సంగతి శుక్రవారం చూద్దామన్నారు కానీ, అందులో ఇక చూడ్డానికేమీ లేదని అందరికీ తెలుసు. మాంసం మాడిపోతుందని హెడ్విగ్ తొందర చేసింది. తాళాలు ఆమె చేతిలోనే ఉన్నాయి, అడిగే ధైర్యం మాస్టారికి లేదు. దారిలో ఆమె ఒక్క మలుపు కూడా జోరుగా తిప్పలేదు. అయినా పక్క సీట్లో కూర్చున్న మాస్టారి కుడికాలు, అక్కడ లేని బ్రేకును ఇల్లు వచ్చేదాకా తొక్కుతూనే ఉంది.