అల్లుడుగారు విప్పిన చక్రం

శనివారం పొద్దున లెక్కల మాస్టారు వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. తొమ్మిదికల్లా కారు ఇరుసు మార్చడం, పదింటికి స్నానం, పదిన్నరకు అత్తగారిని ఎక్కించుకుని బయలుదేరడం, సాయంత్రానికి భార్య ముందు వాలడం. నర్సు ఉద్యోగంలో బదిలీ అయి ఆవిడ దూరపు ఊరి ఆసుపత్రికి వెళ్ళి ఐదు వారాలైంది. నెలకోసారి దొరికే రెండు రోజుల సెలవు ఇవాళే మొదలు. బస్సెక్కితే ఆవిడకు కడుపులో తిప్పుతుంది కనుక వీళ్ళే వెళ్ళాలి. ఇది తప్పితే మళ్ళీ నెల దాకా ముఖం చూసే యోగం లేదు.

కారేమో మలుపు తిరిగితే చాలు, ముందు చక్రం దగ్గర టక్ టక్‌మంటోంది. ఇరుసు చివరి కీలు అరిగిందని స్పేర్ పార్టుల షాపతను కొత్త ఇరుసు చేతిలో పెట్టాడు. మెకానిక్ మంగళవారం గానీ దొరకడన్నాడు. "మంగళవారమా! నేనే విప్పేస్తా" అన్నాడు మాస్టారు. రాత్రి ఫోన్‌లో భార్యకూ అదే చెప్పాడు.

"అత్తగారూ, చప్పుడు ఎడమ పక్కే కదండీ?"

"మీకెలా తోస్తే అలా బాబూ."

అల్లుడికి ఎదురు చెప్పడం ఆవిడ వంశంలో లేదు. అత్తగారికి పని చెప్పడానికి మాస్టారికి నోరు రాదు. ఐదు వారాలుగా ఆ ఇంట్లో ఉప్పు లేని కూర కూడా మర్యాదగా గొంతు దిగిపోతోంది.

చక్రం నడిమి నట్టు ఊడాలంటే ఒకరు లోపల బ్రేకు తొక్కి పట్టుకోవాలి. "మీకు శ్రమ కాకపోతే..." అని ఆయన అరగంట నసిగాక అత్తగారు ఎక్కి తొక్కారు. పానాకు ఇనుప గొట్టం తొడిగి, దాని మీద ఎక్కి మాస్టారు మూడుసార్లు గెంతితే నట్టు కదిలింది, మాస్టారు కింద పడ్డాడు. ఆ సంబరంలో ఆవిడను దిగమనడం మరిచి జాకీ తిప్పాడు. కారుతో పాటు అత్తగారూ పైకి లేచారు గానీ మాట పైకి రాలేదు.

గంట తర్వాత చూసి అదిరిపడ్డాడు. "అయ్యో, దిగలేదా అండీ?"

"మీరు దిగమనలేదుగా బాబూ."

ఇరుసు లాగగానే గేరుబాక్సులోని ఆయిల్ బుడబుడా నేలపాలైంది. "కింద బేసిన్ పెట్టలేదేమిటా అనుకున్నాను. మీ పద్ధతేమోలే అని ఊరుకున్నాను" అన్నారు అత్తగారు. పక్కన పెట్టి చూస్తే కొత్త ఇరుసు పాతదానికన్నా జానెడు పొడవు.

"ఇదింత పొడుగుందేమిటండీ?"

"పొడుగైతే మంచిదేగా బాబూ, బిగువుండదు."

మాస్టారు షాపుకు ఫోన్ చేసి ఎగిరిపడ్డాడు. "తప్పు పార్టు ఇచ్చావేమయ్యా!"

"పోయింది కుడి పక్కది సార్. నిన్న మీరిద్దరూ షాపుకొచ్చినప్పుడు, మీరు మేడంగారితో ఫోన్‌లో ఉంటే పెద్దమ్మగారికి చూపించి మరీ చెప్పాను. ఆయిలా? శనివారం ఒంటిపూటే, షాపు కట్టేశాం, సోమవారం రండి."

మాస్టారు వెనక్కి తిరిగాడు. అత్తగారు తల దించుకున్నారు. "మీకు తెలుసనుకున్నాను బాబూ. అమ్మాయిని చూడొచ్చని తెల్లారకముందే బట్టలు సర్దుకున్నాను" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

మాస్టారు ఆయిల్ మడుగు పక్కనే చతికిలపడ్డాడు. కోపం రాలేదు. భార్య మీద బెంగ ముంచుకొచ్చింది. ఆవిడ ఉంటే వంటింటి కిటికీలోంచే "ఏవండీ, ఏం చేస్తున్నారక్కడ!" అని కేకేసేది. ఐదు వారాలుగా ఈ ఇంట్లో తను చేసింది తప్పనే మనిషే లేదు. ఇంత మర్యాద మధ్య బతకడం ఇక తన వల్ల కాదు.

ఐదింటికి గేటు కిర్రుమంది. బస్సు పడని మనిషి, ఏడు గంటల ప్రయాణానికి మొహం పీక్కుపోయి, సంచీతో నిలబడి ఉంది.

"నువ్వా! ఎలా వచ్చావు?"

"'నేనే విప్పేస్తా' అన్నారుగా. ఆ ఫోన్ పెట్టగానే బస్సుకి టికెట్ తీసుకున్నా." ఆవిడ కారు చుట్టూ ఓసారి చూసింది. "ఆ పొడుగుది అటు పక్కది కదండీ, కళ్ళకి కనబడలేదూ? అమ్మా, నువ్వైనా చెప్పద్దూ? అయ్యో, కొత్త చొక్కాతోనా ఈ పని!"

మాస్టారి కళ్ళు చెమర్చాయి.

ఆదివారం సాయంత్రం తిరిగి బస్సెక్కేలోపు ఆవిడ ఆయనలో పట్టిన తప్పులు పదిహేడు. పద్దెనిమిదోది మాస్టారు కావాలనే చేశాడు.