తాటాకు పబ్బులో పన్నెండో సంబంధం

"ఇచ్చట భోజనం దొరకదు. అనుభవం మాత్రమే వడ్డించబడును!"

ఉయ్యూరు దాటాక కాలవ గట్టు పక్కన వెలసిన 'తాటాకు - ది విలేజ్ పబ్' అనే మహాసంస్థ వాకిట్లో, ఇత్తడి పలక మీద చెక్కించిన మాట ఇది. కనకలక్ష్మి దాన్ని రెండుసార్లు చదివింది. ఎనిమిదో తరగతిలో చదువు ఆపేసిన మనిషి కదా, తనకే సరిగ్గా అర్థం కాలేదేమో అనుకుంది. మూడోసారి చదివాక అర్థమైంది.

"ఏవండీ, ఇక్కడ అన్నం పెట్టరంట!" అంది భర్త మోచెయ్యి పట్టుకుని.

"గొప్ప హోటళ్ళలో అలాగే రాస్తారే. లోపల పెడతార్లే," అన్నాడు లక్ష్మీకాంత్, కొడుకు కోటులో ఊపిరి బిగబట్టుకుంటూ. ఆయన చెరుకు రైతు. కోటు బొత్తాలు పెట్టుకోవడం జన్మలో అదే మొదలు.

పెట్టకపోతే? ఆయనకి షుగరు. అన్నానికి అరగంట ముందు వేసుకునే బిళ్ళ ఇంట్లోనే వేసుకుని బయల్దేరాడు. వేళకి నాలుగు మెతుకులు పడకపోతే చెమటలు పడతాయి. కళ్ళు తిరుగుతాయి. పడిపోతాడు. పడిపోతే ఆడపిల్లవాళ్ళకి షుగరు సంగతి తెలిసిపోతుంది. తెలిస్తే సంబంధం తప్పిపోతుంది. ఎప్పుడూ సంచిలో ఉండే బిస్కెట్ల పాకెట్టు ఇవాళ ఇంట్లో ఉండిపోయింది. "అమ్మా, ఆ సంచితో రావద్దు" అని కొడుకు ఎవరిదో హ్యాండ్‌బ్యాగు తెచ్చి తగిలించాడు మరి! వాకిలి నుంచి గుమ్మం దాకా నడిచేలోపు ఆ కొడుకు ముసలివాడై, ఒంటరిగా, గంజి కాచుకుంటూ కనపడ్డాడామెకి.

భయపడక ఏం చేస్తుంది? కొడుకు సిద్ధార్థ ఎంటెక్ చదివి, ఊళ్ళోనే ఉండి, చేపల చెరువులు చేసుకుంటున్నాడు. ఇంతకన్నా ఘోరం ఒక మగపిల్లాడు చెయ్యగలడా! దొంగతనం చేసి బెయిలు మీద ఉన్నవాడికైనా, "విజయవాడలో ఫ్లాటుందాండీ?" అని ఓ మాట అడిగి పిల్లనిస్తారు. పిల్లాడు ఊళ్ళో ఉంటాడంటే మాత్రం 'ఆలోచించుకుని చేస్తాం' అని ఫోను పెట్టేస్తారు. అలా పదకొండు ఫోన్లు పెట్టేశారు. పన్నెండోది విజయవాడ పటమట సంబంధం. ఈసారి బయోడేటాలో 'చేపల చెరువులు' కొట్టేసి 'ఆక్వా ఎంట్రప్రెన్యూర్' అని రాయించారు. అదేమిటో కనుక్కుని ఫోను పెట్టేయడానికి వాళ్ళకి కొంత టైము పట్టింది. ఆలోపు పెళ్ళిచూపులు ఖాయమైపోయాయి.

"మా ఇంటికి రండి వదినగారూ," అంటే, "అబ్బే, పల్లెటూరికా!" అంది పిల్ల తల్లి ఛాయాదేవి. అన్న ఆవిడే రెండోరోజు ఫోను చేసి, "ఆదివారం మధ్యాహ్నం విలేజ్ పబ్బులో కలుద్దామండీ. అక్కడ అచ్చమైన పల్లెటూరి వాతావరణం ఉంటుందట!" అంది. కనకలక్ష్మి ఇంటికీ పబ్బుకీ నాలుగు కిలోమీటర్లు. ఆ నాలుగు కిలోమీటర్లలో తమ పల్లెటూరు ఎక్కడ తక్కువైందో ఆమెకి అంతుపట్టలేదు.

మొన్నమొన్నటిదాకా ఆ పబ్బు కల్లు దుకాణం. దాని ముందు నుంచి పోవాల్సొస్తే ఆడవాళ్ళు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు అదే గుమ్మం ముందు ఫొటోల కోసం వరసలో నిలబడుతున్నారు. లోపల తాటాకు కప్పు, కప్పు కింద ఏసీ. వడ్డించేవాళ్ళు పంచె, తలపాగా కట్టి రైతుల్లా ఉన్నారు. రైతులు కోట్లు తొడిగి పెళ్ళికొడుకుల్లా ఉన్నారు.

ఆడపిల్లవాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు. పిల్ల తండ్రి మాణిక్యంగారిది పైపుల వ్యాపారం. ఆయన లేచి చేతులు జోడించాడు. లక్ష్మీకాంత్ కూడా జోడించాడు. ఏ జన్మలోనూ ఒకరి మొహం ఒకరు ఎరగనంత మర్యాదగా పేర్లు చెప్పుకున్నారు. పిల్ల అక్షయ తలొంచుకుని నవ్వింది. కనకలక్ష్మికి ఆ నవ్వు నచ్చింది. నచ్చినందుకు ఇంకా భయమేసింది.

"వెల్‌కమ్ అండీ! నా పేరు జాన్‌బాబు. నేను వెయిటర్ని కాదండీ, మీ భోజన యాత్రకి గైడుని," అంటూ నలభై ఏళ్ళ మనిషి తలపాగా సవరించుకుంటూ వచ్చాడు. చేతిలో పల్చటి గాజు గ్లాసులు. "ఇది కల్లు కాదండీ. సన్‌రైజ్ పామ్ నెక్టార్!"

"అబ్బెబ్బే! మాకు అలవాటు లేదండీ!" అన్నారు ఇద్దరు తండ్రులూ ఒక్క గొంతుతో.

"ష్యూర్ సర్," అని జాన్‌బాబు గ్లాసులు వెనక్కి తీసుకుపోయాడు. ఇద్దరి చూపులూ ఆ గ్లాసుల వెంట వంటింటి తలుపు దాకా సాగనంపడానికి వెళ్ళాయి.

ఇక్కడే వచ్చింది చిక్కంతా. కృష్ణా జిల్లాలో 'వద్దండీ' అంటే 'మళ్ళీ అడగండీ' అని. వడ్డించేవాడు మూడుసార్లు బతిమాలాలి. తినేవాడు మూడుసార్లు చెయ్యి అడ్డం పెట్టాలి. ఆ తర్వాత 'మీ మాట కాదనలేక' అంటూ విస్తరి నిండా వేయించుకోవాలి. ఇది ఉగ్గుపాలతో పట్టిన చదువు. జాన్‌బాబుకి పబ్బువాళ్ళు నేర్పించిన చదువు వేరు. 'అతిథి ఒకసారి వద్దనిన యెడల రెండవసారి అడుగరాదు. అడుగుట అతిథి స్వేచ్ఛకు భంగము' అని వంటింటి గోడ మీద అంటించి మరీ నేర్పారు.

మొదటి వంటకం వచ్చింది. పళ్ళెం పెళ్ళి హారతి పళ్ళెమంత ఉంది. నడిమధ్యన ఒక్కటంటే ఒక్క రొయ్య.

"చింతచిగురు నీడలో విశ్రమిస్తున్న రొయ్యండీ," అన్నాడు జాన్‌బాబు గొంతు తగ్గించి. రొయ్య నిద్ర పాడవకూడదు కదా!

"ముందు వదినగారికి పెట్టండి," అంది ఛాయాదేవి.

"అయ్యో, ముందు వాళ్ళకి. మాకు అంత వద్దండీ బాబూ, మేం పిట్టల్లా తింటాం," అంది కనకలక్ష్మి, ఇహ బతిమాలతాడు కదా అని.

"మేమూ అంతేనండీ! మా అక్షయ అయితే వాసన చూస్తే చాలు, కడుపు నిండిపోతుంది."

"ష్యూర్ మేడమ్!" ఆరు పళ్ళేలూ లేచిపోయాయి.

కనకలక్ష్మి నోరు తెరుచుకునే ఉండిపోయింది. బతిమాలలేదేంటి! చెయ్యి అడ్డం పెట్టడానికి సిద్ధంగా లేపిన చెయ్యి లేపినట్టే ఉంది. దాంతో జుట్టు సర్దుకుంది.

రెండో వంటకానికి పెసరట్టు వచ్చింది. రూపాయి బిళ్ళంత. ఇప్పుడు పుచ్చుకుంటే? ఇందాక పిట్టలమన్నాం కదా, ముందుగా చెయ్యి చాచినవాళ్ళు తిండిపోతులైపోరూ! మగపెళ్ళివాళ్ళు తింటే తిందామని ఆడపిల్లవాళ్ళు చూశారు. ఆడపిల్లవాళ్ళు మొదలుపెడితే చూద్దామని మగపెళ్ళివాళ్ళు చూశారు. పెసరట్టు ఇద్దరినీ చూసి వెళ్ళిపోయింది. మూడోసారి గోంగూర నురుగు వచ్చి, తనంత తనే ఇంకిపోయింది. నాలుగోసారి మాంసం ముక్క మీద గాజు మూత పెట్టి తెచ్చారు. మూత తీస్తే పొగ! ఛాయాదేవి ఆ పొగని పొడుగ్గా పీల్చి, "చాలండీ," అంది.

లక్ష్మీకాంత్ నుదుటి మీద చెమట మొదలైంది.

"బాబూ, పోనీ ఈయనకి..." అంది జాన్‌బాబుతో. ఛాయాదేవి తల తిప్పి చూసింది. "...ఈయనకి ఏసీ కాస్త పెంచు," అని ముగించింది కనకలక్ష్మి.

"ఇంత చల్లగా ఉంటే చెమటలేంటి అన్నయ్యగారూ?"

"ఆనందమండీ," అన్నాడు లక్ష్మీకాంత్, బల్ల అంచు పట్టుకుని.

ఏడో వంటకం కూడా వెనక్కి వెళ్ళాక జాన్‌బాబు కళ్ళు చెమర్చాయి. "ఇంత నిగ్రహం ఉన్న గెస్టుల్ని నా సర్వీసులో చూళ్ళేదండీ! వచ్చినవాళ్ళంతా తినేస్తుంటారు," అన్నాడు.

వాకిట్లో వీడ్కోళ్ళు జరిగాయి. "కడుపు పట్టేసిందనుకోండి, అడుగు పడటంలేదు," అంది ఛాయాదేవి. ఆ మాట మటుకు నిజమే! "మేం దార్లో గుడికి వెళ్ళాలి వదినగారూ. ఇంటికెళ్ళి ఆలోచించుకుని ఫోన్ చేస్తాం."

ఆలోచించుకుని ఫోన్ చేస్తామన్నవాళ్ళు పదకొండుమంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరూ ఇంతవరకూ ఆలోచించుకోవడం పూర్తిచెయ్యలేదు. కారెక్కాక కనకలక్ష్మికి ఏడుపు ఒక్కటే తక్కువ. "అయిపోయింది. వాడి బతుకు అయిపోయింది. మీకూ ఏదో ఒకటి అయ్యేలా ఉంది!"

"కారు గట్టు మీదకి తిప్పరా," అన్నాడు లక్ష్మీకాంత్ నీరసంగా.

"అటేముంది నాన్నా?"

"శౌరమ్మ పాక. అన్నం పెడుతుందని... ఎవరో చెప్పారు."

కిలోమీటరున్నర పోతే కాలవ వంపులో పాక. చేపల వేపుడు వాసన కారు అద్దాలు దించకుండానే లోపలికొచ్చింది. పాక వెనకాల చెట్టు చాటున దాచినట్టు ఒక తెల్లకారు ఆపి ఉంది. భర్తని రెక్క పట్టుకుని లోపలికి నడిపించిన కనకలక్ష్మి గుమ్మంలోనే నిలబడిపోయింది.

లోపల మాణిక్యంగారు చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి బల్ల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. పక్కన కల్లు ముంత. ఛాయాదేవి పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని, కొర్రమీను తలకాయ రెండు చేతులా పట్టుకుని జుర్రుతోంది. వాసనతో కడుపు నిండే అక్షయ మూడో విడత అన్నం కలుపుతోంది.

తలకాయ ఛాయాదేవి నోటి దగ్గరే ఆగింది.

"గుడికన్నారు కదా వదినగారూ?" అంది కనకలక్ష్మి.

"దర్శనం... ఆలస్యమవుతుందన్నారు," అంది ఛాయాదేవి.

ఈలోపు శౌరమ్మ గరిటెతో వచ్చింది. నడివయసు మనిషి, మెడలో గుణదల మేరీమాత బిళ్ళ. కావాలా వద్దా అని అడగలేదు. లక్ష్మీకాంత్ భుజం నొక్కి బల్ల మీద కూలేసి, ముందో విస్తరాకు వేసి, చేప పులుసు దిమ్మరించింది.

"తినండి బాబుగారూ, మొహమేంటి అలా వాడిపోయింది! మీకు షుగరు కదా, అన్నం సగమే పెట్టా. ముంత కూడా సగమే ఇస్తా. వారం వారం చెప్తానే ఉన్నా, వినరు. పైపుల బాబుగారూ, కాస్త జరగండి. మీ జతగాడొచ్చాడు."

లక్ష్మీకాంత్ విస్తట్లోకి తల దించుకున్నాడు.

"వారం వారమా!" అన్నారు ఇద్దరు తల్లులూ.

"చెరుకు రైతుల మీటింగు అనేవారు!" అంది కనకలక్ష్మి.

"వాకర్స్ క్లబ్బు అనేవారు! పటమట నుంచి ఇక్కడిదాకా నడిచేవారా?" అంది ఛాయాదేవి.

మాణిక్యంగారు తల గోక్కున్నారు. "అది కాదు చెల్లెమ్మా. ఈ సంబంధం అనుకున్నదే ఈ బల్ల మీద. కుర్రాడు బుద్ధిమంతుడని బావగారు రెండో ముంత దగ్గర చెప్పాడు. రెండో ముంత దగ్గర మనిషి అబద్ధం చెప్పడు. పబ్బు మాత్రం మీ వదిన సరదా."

ఛాయాదేవి ఎంగిలి చెయ్యి గాల్లోకి లేచింది. "షుగరు దాచి, తాగే మనిషింటికి పిల్లనెలా ఇస్తామనుకున్నారండీ!"

"తాగే మనిషి పిల్లని మేమెలా చేసుకుంటామనుకున్నారండీ!" అంది కనకలక్ష్మి.

అన్నాక ఇద్దరూ బల్ల వైపు చూశారు. తాగే మనుషులిద్దరూ భుజాలు రాసుకుంటూ, ఒకే ముంత మధ్యలో పెట్టుకుని, వర్షంలో తడిసిన దూడల్లా కూర్చున్నారు. ఏ ఇంటి తాగే మనిషిని ఏ ఇంటివాళ్ళు తిట్టాలో తేలలేదు.

ఆ సందులో అక్షయ సిద్ధార్థని అడిగింది. "ఈ కొర్రమీను మీ చెరువుదేనా?"

"కాదండీ, కాలవది. మా చెరువు చేపకి ఇంత రుచి రాదు."

"పొద్దుటి నుంచి విన్న మొదటి నిజం ఇదే," అని అక్షయ పక్కకి జరిగి చోటిచ్చింది. "కూర్చోండి. ఎంట్రప్రెన్యూరంటే చేపలే కదా? ఆ మాట ముందే చెప్తే ఇంట్లోనే తినేవాళ్ళం."

కనకలక్ష్మి కూలబడింది. కానీ భయం మనిషిని కూర్చోనిస్తుందా! సంబంధం తప్పితే ఛాయాదేవి ఊరుకుంటుందా? షుగరు సంగతీ ముంత సంగతీ పటమట అంతా చెప్పదూ? అటు ఛాయాదేవి కళ్ళలోనూ అదే భయం. పట్టుచీరతో కల్లు పాకలో తలకాయ జుర్రిన వైనం ఈవిడ ఊరంతా చెప్పదూ? ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపులో ఇద్దరికీ ఒకేసారి జ్ఞానోదయమైంది. ఇలాంటివి బయటివాళ్ళకి తెలిస్తే పరువు పోతుంది. అయినవాళ్ళకి తెలిస్తే పోదు. అంచేత, అర్జంటుగా అయినవాళ్ళమైపోవాలి!

"మీ ఇల్లు మాకు అన్నివిధాలా నచ్చింది వదినగారూ," అంది ఛాయాదేవి.

"అయ్యో, మీ మర్యాద ముందు మేమెంత వదినగారూ! ముహూర్తం ఈ నెల్లోనే పెట్టించెయ్యండి," అంది కనకలక్ష్మి.

పన్నెండో సంబంధం కుదిరిపోయింది! లక్ష్మీకాంత్‌కి చెమటలు ఆగాయి. మాణిక్యంగారు ధైర్యం చేసి ముంత ఎత్తారు. కనకలక్ష్మి కూడా రెండు ముద్దలు తిని, మూడో ముద్ద దగ్గర ఉలిక్కిపడింది. ఇక్కడ అయినవాళ్ళు కాని మనిషి ఇంకొకరున్నారు!

"శౌరమ్మా," అంది చెయ్యి పట్టుకుని, "మేం ఇక్కడికొచ్చినట్టు ఎక్కడా అనకే తల్లీ. అసలు మేం మొదటిసారి..."

"నేనెందుకంటానమ్మా!" అంది శౌరమ్మ, ఆమె విస్తట్లో ఇంకో గరిటెడు పులుసు పోస్తూ. "ఇరవై ఏళ్ళ నుంచీ నడుపుతున్నా ఈ పాక. పెద్ద పెద్ద ఆఫీసర్లొస్తారు, పంతుళ్ళొస్తారు, ఆ పబ్బు ఓనరు రోజూ మధ్యాహ్నం అన్నానికి ఇక్కడికే వస్తాడు. అందరూ మొదటిసారే వస్తారమ్మా. రెండోసారి వచ్చానన్న మనిషిని ఇంతవరకూ చూళ్ళేదు!"