ఐదో ప్రశ్న

ఆ రోజు పొద్దున కాలేజీ ఉపన్యాస సంఘం కార్యదర్శి కూర్చుని ఐదు ప్రశ్నలు రాసింది. ఉపన్యాసాలకు ఆ కాలేజీలో ఎప్పుడూ కొరత లేదు. కరువంతా ప్రశ్నలకే. మూడేళ్లుగా ఎంత పెద్ద మనిషిని పిలిచినా, "ఏమైనా సందేహాలున్నాయా?" అనగానే హాలు మొత్తం తల వంచుకుని తన చెప్పులను పరిశీలించేది.

అది చూసి వైస్ ప్రిన్సిపాల్ ఒక ఆర్డర్ వేశాడు. ఉపన్యాసం అయ్యాక కనీసం ఐదు ప్రశ్నలు రాకపోతే, పద్నాలుగో నంబరు గదిని సంఘం నుంచి తీసేసి టేబుల్ టెన్నిస్ వాళ్లకు ఇస్తారు. లెక్కపెట్టడానికి ఆఫీసు గుమాస్తా నోటుబుక్కుతో వచ్చి కూర్చుంటాడు. టేబుల్ టెన్నిస్ వాళ్లు ఫలితం దాకా ఆగలేదు. ముందు రోజే బల్ల తెచ్చి, వరండాలో ఆ గది రెండో తలుపుకు అడ్డంగా ఆనించిపెట్టుకున్నారు. ఎవరూ కాదనలేదు. ఆర్డర్లు రాసేవాళ్లు ఆ వరండాలో నడవరు.

గది పోతే సంఘం పోయినట్టే. అక్కడ గది లేని సంఘాన్ని గుంపు అంటారు. గుంపును వాచ్‌మన్ చెదరగొడతాడు.

అందుకే కార్యదర్శి ఐదు చీటీలు రాసి, ఐదుగురు మిత్రులకు పంచింది. ఆ రోజు వక్త ఫైర్ స్టేషన్ ఆఫీసరు, అంశం అగ్నిప్రమాదాలు. ఐదో చీటీలో "అలారం మోగితే ఏం చెయ్యాలి?" అని ఉంది. ఆ ప్రశ్న అడగ్గానే నిజంగా గంట మోగితే జనం బుర్రకెక్కుతుందని ఆఫీసరే సలహా ఇచ్చాడు. ఆ పని వాచ్‌మన్‌కు అప్పజెప్పింది.

"అన్నా, తలుపు దగ్గర నిలబడి ప్రశ్నలు లెక్కపెట్టు. ఐదో ప్రశ్నకి గంట కొట్టు. నాలుగుకే కొట్టావో, నా కొంప మునుగుతుంది."

"నాకు లెక్కలొచ్చులే అమ్మా."

సభ ఆ పద్నాలుగో గదిలోనే, మూడింటికి. రెండున్నరకు ఆఫీసరు ఫోన్ చేశాడు. "ఏమ్మా, ఇక్కడ కాగితాల గోడౌన్ అంటుకుంది. రాలేను, ఏమనుకోకు."

ఏమనుకుంటుంది? అరగంటలో దొరికే వక్త ఆమెకు లోకంలో ఒక్కతే. కాలేజీ ఎదుట కళ్లద్దాల దుకాణం నడిపే మేనత్త.

"అత్తా, నువ్వొచ్చి మాట్లాడాలి. ఇప్పుడే."

"దేని గురించే?"

"కళ్లద్దాల గురించే. ఏదో ఒకటి చెప్పు."

"ఏదో ఒకటా? ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పనే, అది నీకు ఏదో ఒకటా?" అంటూనే మేనత్త షట్టరు దించింది.

ఆ హడావిడిలో కార్యదర్శి వక్తను మార్చింది, బోర్డు మీద అంశం మార్చింది. చీటీలు మాత్రం మార్చలేదు. వాచ్‌మన్‌కూ చెప్పలేదు.

మేనత్త నలభై నిమిషాలు మాట్లాడింది. బాగానే మాట్లాడింది. చివర్న "ఏమైనా అడుగుతారా?" అంది. గుమాస్తా పెన్ను మూత తీశాడు.

మొదటివాడు లేచాడు. లేచాక అతనికీ అనుమానం వచ్చింది, కానీ ఒప్పుకున్న పని. "మేడం, మంటలు లేచినప్పుడు మెట్లు వాడాలా, లిఫ్టు వాడాలా?"

మేనత్త అద్దాలు తీసి తుడుచుకుంది. "మెట్లే అనుకుంటా నాయనా. అద్దాలు పెట్టుకుని దిగు."

గుమాస్తా ఒక గీత గీశాడు.

నూనె మంట మీద నీళ్లు పోయొచ్చా అని రెండో అమ్మాయి అడిగింది. మేనత్త కంగారుపడింది. "వద్దు. ఏమ్మా, మీ ఇంట్లో ఏమైనా జరిగిందా?"

మూడోవాడు చీటీని పైనుంచి కిందిదాకా చదివేశాడు. "మూడు. పొగలో వంగి నడవాలా, నిలబడి నడవాలా? గట్టిగా అడుగు, నవ్వొద్దు."

హాలు నవ్వింది. గుమాస్తా నవ్వలేదు. "రాసిచ్చిన ప్రశ్నలా ఇవి? చెల్లవమ్మాయ్," అని మూడు గీతలూ కొట్టేశాడు.

కార్యదర్శి ఆపమని రెండు చేతులూ ఊపింది. తనని త్వరగా లెమ్మంటోందనుకుని నాలుగోవాడు లేచి అడిగేశాడు. అతన్ని చూసి ఐదో అమ్మాయీ అడిగేసింది. గుమాస్తా సున్నా చుట్టాడు.

గంట మోగింది. ఆ కాలేజీలో చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు వాచ్‌మన్ ఒక్కడే.

వందమంది ఒక్కసారిగా లేచారు. మొదటి తలుపు ఇరుకు. సగం మంది రెండో తలుపు దగ్గరికి వెళ్లి తోశారు. అది బయటికి తెరుచుకునే తలుపు, బయట బల్ల ఉంది.

"తోసుకోకండి! గంట ఉత్తదే!" అని కార్యదర్శి అరిచింది.

"గంట ఉత్తదైతే తలుపెందుకు రావట్లేదు?" అన్నారెవరో. ఇంకెవరో ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేశారు. వాచ్‌మన్ లోపలికి తల పెట్టి, "కరెక్టుగా ఐదుకే కొట్టానమ్మా," అన్నాడు.

అందరూ ఒక్కొక్కరుగా మొదటి తలుపులోంచి బయటపడేసరికి ఫైర్ ఇంజను వచ్చింది. మొహమంతా మసితో ఆఫీసరు దిగాడు. "రాలేనన్నా వదల్లేదే నువ్వు!" అన్నాడు కార్యదర్శితో. తరవాత వరండాలో బల్లను చూశాడు. అప్పుడే పరుగెత్తుకొచ్చిన వైస్ ప్రిన్సిపాల్‌ను చూశాడు.

"దీన్ని ఇక్కడ ఎవరు పెట్టమన్నారండీ?"

"అదీ... తాత్కాలికంగా..."

"నిజంగా అంటుకునుంటే?"

అంతే. మూడేళ్లుగా చెప్పులు చూసుకుంటున్నవాళ్లంతా తలలెత్తారు.

"సార్, హాస్టల్ వెనక తలుపు కూడా ఇంతేనా?"

"ల్యాబులో మంటలార్పే సిలిండరు ఎప్పుడు నింపించారు సార్?"

"చదువుకునే గది ఆటకెందుకిస్తున్నారు?"

మేనత్త కూడా ఊరుకోలేదు. "ఏవండీ, ఇంత బల్ల మీకు కనపడలేదా? కళ్లు చూపించుకుని ఎన్నాళ్లయింది?"

గుమాస్తా గోడకానుకుని ఆపకుండా గీతలు గీస్తున్నాడు. కాసేపటికి నోటుబుక్కు మూశాడు. "నలభై ఒకటి సార్. మీరు కావాలన్నది ఐదే."

"అవి నన్నడిగినవయ్యా! వక్తనడిగినవి కావు!"

"ఎవర్నడగాలో మీ ఆర్డర్లో లేదండి. పైగా ఇవి రాసిచ్చినవి కూడా కావు."

వైస్ ప్రిన్సిపాల్ తల వంచుకుని చాలాసేపు తన చెప్పులను పరిశీలించాడు.

గది సంఘానికే మిగిలింది. మర్నాడు కొత్త ఆర్డర్ వచ్చింది: ఏ సభలోనూ ప్రశ్నలు ఐదుకు మించరాదు. అందరికీ కనపడాలని దాన్ని, మళ్లీ రెండో తలుపు దగ్గరికే వచ్చి చేరిన బల్లకు అంటించారు.