రెండుసార్లు అడిగే పెద్దమనిషి

"ఇకనుంచి మన చర్చిలో సేవ చేసేవాళ్లెవరూ చాటుగా ఉండటానికి వీల్లేదు" అని లోవెల్ ట్వేట్ గారు సెప్టెంబరు మొదటి ఆదివారం ప్రకటించారు. పాస్టరమ్మ ప్రసంగం ముగిసి, కానుకల పళ్లెం తిరిగి, జనం కింది హాల్లో కాఫీకి దిగబోతున్న సమయంలో ఆయన లేచి ఈ మాట అనడంతో ఎవరూ కదల్లేకపోయారు. జీతం బత్తెం లేకుండా సంఘానికీ ఊరికీ చాకిరీ చేస్తున్న మామూలు విశ్వాసుల్లో అందరికన్నా వినయం గల ఒకరిని ఎంచి, అక్టోబరు చివర్లో మా లూథరన్లు పండుగలా జరుపుకునే సంస్కరణ ఆదివారం నాడు ఘనంగా సన్మానిస్తామనీ, ఆ సన్మానానికి 'వినమ్ర సేవారత్న' అని పేరు పెట్టామనీ సెలవిచ్చారు.

లోవెల్ గారు మా బెతానియా లూథరన్ సంఘానికి కౌన్సిల్ అధ్యక్షులు. నవంబరులో జరగబోయే కౌంటీ బోర్డు, అంటే మా జిల్లా పాలకమండలి, ఎన్నికలో అభ్యర్థి కూడా. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదని ఆయనే, ఎవరూ అడక్కముందే, చెప్పారు. అంతటి నిజాయితీపరుడు మిన్నెసోటాలో మా మారుమూల ఊళ్లో పుట్టడం మా అదృష్టం. నేను ఆ చర్చి తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లకు పాటల పుస్తకం చేతికిచ్చే మనిషిని. అంటే అన్నీ చూస్తాను, దేనికీ బాధ్యుణ్ని కాను.

మావాళ్ల మర్యాద గురించి ఇక్కడే ఓ మాట చెప్పుకోవాలి. మా ఇళ్లలో కాఫీ తాగుతారా అని అడిగితే మొదటిసారి "వద్దులెండి" అనాలి. రెండోసారి అడిగితే "మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి అడిగితే "సరే, ఓ అరకప్పు" అనాలి. మొదటిసారే ఒప్పుకునేవాడు ఆబగాడు. మూడోసారి అడగనివాడు నిజానికి కాఫీ పెట్టే ఉద్దేశం లేనివాడు. నార్వే నుంచి మా తాతలు తెచ్చుకున్న సామాన్లలో పెట్టెలూ దుప్పట్లూ ఏనాడో చివికిపోయాయి గానీ ఈ మర్యాద మాత్రం చెక్కుచెదరలేదు. దీని లోతుపాతులు లోవెల్ గారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవని ఆ రోజే నాకర్థమైంది.

కాఫీ దగ్గర ఆర్డిస్ హోవ్లాండ్ గారు నోరు విప్పారు. డెబ్బై దాటిన మనిషి. ఊళ్లో ఎవరు పోయినా సమాధి కార్యక్రమం తర్వాత కింది హాల్లో భోజనాలు ఆవిడే చూస్తారు. ఇల్లు కాలినవాళ్లకు బొంతలు కుడతారు. వారానికి మూడు రోజులు డెల్మర్ రూడ్ అనే పక్కింటి ముసలి బ్రహ్మచారిని కారులో కూర్చోబెట్టుకుని, నలభై మైళ్ల అవతల ఆసుపత్రికి డయాలసిస్‌కి తీసుకెళ్లి, అయ్యేదాకా కూర్చుని, మళ్లీ ఇంట్లో దింపుతారు. డెల్మర్‌కు కిడ్నీలు పోయాయి. చూపు ఆనక కారు తోలడం మానేశాడు.

"ఏం లేదులే, అక్టోబర్లో నా మోకాలి ఆపరేషన్‌కి డేటిచ్చారు" అన్నారు ఆవిడ, కప్పులోకి చూస్తూ. "రెండు నెలలు కారు తోలకూడదంట. డెల్మర్‌ని తీసుకెళ్లడానికి ఎవరన్నా... వేరే పనేం లేనివాళ్లుంటే. లేకపోయినా పర్లేదు."

మా ఊళ్లో మనిషి ఇంతకంటే గట్టిగా కేక పెట్టడం కుదరదు. అందరూ లోవెల్ గారి వైపు చూశారు. ఆయన వెంటనే ముందుకొచ్చారు.

"అయ్యో, నేను తీసుకెళ్తా ఆర్డిస్ గారూ."

"నీకెందుకు శ్రమ నాయనా, ఎలక్షన్ పనుల్లో ఉన్నావు."

"అదేం మాటండీ. మీరు నాకు సండే స్కూల్లో పాఠాలు చెప్పారు. నేను తీసుకెళ్తానంటుంటే."

"వద్దులే, నేనేదో చూసుకుంటా."

ఇక మూడోసారి మిగిలింది. హాలంతా ఆయన నోటి వంకే చూసింది. లోవెల్ గారు బల్లమీది గుమ్మడికాయ కేకు ముక్క ఒకటి తీసి ఆ నోట్లో పెట్టుకున్నారు. నిదానంగా నమిలారు. మింగారు.

"కేకు చాలా బాగా కుదిరిందండీ" అన్నారు.

ఆర్డిస్ గారు సగం తెరిచిన నోరు మూసుకున్నారు. నాయకుడు దారి చూపించాక అనుచరులకు కష్టమేముంది? తర్వాత అరగంటలో హాల్లో సగంమంది ఆవిడ దగ్గరికెళ్లి రెండేసిసార్లు అడిగి వచ్చారు. నేనూ అడిగాను. నాకు నడుము నొప్పి ఉంది కనక ఒక్కసారితో సరిపెట్టాను.

ఆ వారమే సన్మాన సంఘం ఏర్పడింది. పదకొండుమంది సభ్యులు, అందరికీ లైసెన్సులున్నాయి, అందరికీ కార్లున్నాయి. సేవకులను గౌరవించడం ఆషామాషీ పని కాదు కాబట్టి సమావేశాలు మంగళ, గురు, శనివారాలు పెట్టుకున్నారు. డెల్మర్ ఆసుపత్రికి వెళ్లే రోజులు కూడా అవే కావడం కాకతాళీయం. దానివల్ల ఆ పదకొండుమందిలో ఎవరికీ వీలుపడలేదు. ఈ విషయంలో వాళ్లెంత బాధపడ్డారో సమావేశం మొదట్లో ఒక నిమిషం మౌనం పాటించి తెలియజేశారు.

అభ్యర్థి ఎంపిక మాత్రం తలనొప్పి అయింది. సన్మానం కోరుకునేవాడు వినయం లేనివాడు కనక అనర్హుడని లోవెల్ గారు నిబంధన పెట్టారు.

"నాకైతే అస్సలొద్దు" అన్నాడు గాయక బృందం నడిపే ఆర్నే.

"నాకు నీకంటే వద్దు" అంది సంఘం కార్యదర్శి జానిస్.

"నా పేరు తలవనే తలవొద్దు, వేడుకుంటున్నా" అన్నాడు చర్చి ఆవరణలో గడ్డి కోసే వెండెల్, కుర్చీలోంచి సగం లేచి.

ఇలా గంటసేపు ఒకరినొకరు మించిపోయారు. చివరికి లోవెల్ గారు కళ్లు తుడుచుకుని, "నిజం చెప్పాలంటే ఈ గదిలో అందరికన్నా నేనే అనర్హుణ్ని" అన్నారు. అది విని పదిమందికీ భయం పట్టుకుంది. ఆ నిబంధన ప్రకారం సన్మానం ఆయనకే పోయేలా ఉంది. కంగారులో ఎవరో ఆర్డిస్ పేరన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మరుసటి ఆదివారం లోవెల్ గారు వేదికెక్కి, మైకులో, అందరి ముందూ అడిగారు.

"ఆర్డిస్ గారూ, ఈ సన్మానం స్వీకరించండి."

"వద్దులే లోవెల్."

"స్వీకరించాలి మీరు."

"నాకెందుకు నాయనా ఇవన్నీ."

లోవెల్ గారు ఊపిరి పీల్చి, ఎన్నికల ప్రసంగాల్లో వాడే గొంతుతో మూడోసారి అడిగారు. మూడోసారి కాదనడం మా ఊళ్లో ఎవరి వల్లా కాలేదు. ఆర్డిస్ గారు లేత ఎరుపెక్కి, "సరే, ఓ చిన్నదైతే" అన్నారు.

కానీ చిన్నది చేయించడం లోవెల్ గారి స్వభావం కాదు. ఆయన బావమరిది హార్లన్‌కు సమాధి రాళ్ల వ్యాపారం. అతను నల్లరాయి పలక ఒకటి ఉచితంగా ఇచ్చాడు. దాన్ని ఇద్దరు మోసుకొచ్చి సన్మాన సంఘం ముందు పెట్టారు. పేరు అందంగా చెక్కాడు. అలవాటు కొద్దీ పేరు కింద పుట్టిన సంవత్సరం వేసి, పక్కన ఓ గీత గీసి, ఆ తర్వాత కొంచెం ఖాళీ వదిలాడు.

"ఈ గీతేంట్రా?" అన్నారు లోవెల్ గారు.

"చెయ్యి ఆగలేదు బావా."

లోవెల్ గారు ఆ గీతను వేలితో తడిమారు. "సేవ ఇంకా కొనసాగుతోందని అర్థం" అన్నారు. మిగతా పదిమందీ తలలూపారు.

అక్టోబరు మొదట్లో ఒక ఆదివారం ఆర్డిస్ గారు గుమ్మంలో నా చేతిలోంచి పాటల పుస్తకం అందుకుంటూ ఆగారు.

"ఆపరేషన్ డేటు వదిలేశా" అన్నారు. "మళ్లీ వసంతంలోనే ఖాళీ ఉందంట."

"మరి మంచు పడితే ఎలాగండీ? బ్రేకు నొక్కే కాలు కదా."

"ఎడం కాలితో నొక్కి చూశా. పోయినసారి గుంటలోకి దిగింది కారు. డెల్మర్ ఏమనలేదులే, పాపం, కళ్లు మూసుకున్నాడు."

ఈ మాట నేను లోవెల్ గారి చెవిన వేశాను. ఆయన చలించిపోయారు. నిలబడ్డచోటే, తన ప్రసంగంలో దీనికి ఒక పేరా కేటాయిస్తానని మాటిచ్చారు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు ఆయన.

సన్మానానికి ముందు మరో చిక్కు వచ్చింది. సన్మానం అందుకునే మనిషి ఆ విందుకు తానే వంట చేయకూడదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. మరెవరు చేయాలన్నది తర్వాతి సమావేశానికి వాయిదా వేసింది. ఆ సమావేశంలో బల్లలమీద పరిచే గుడ్డల రంగు గురించి చర్చ జరిగింది. సంస్కరణ ఆదివారం పొద్దున నేను తలుపు తీసేసరికి కింది హాల్లోంచి మాంసం, బంగాళాదుంపలు కలిపి ఓవెన్లో పెట్టిన వాసన వస్తోంది. ఆర్డిస్ గారు గిన్నెలకు మూతలు పెట్టి, ఏప్రన్ విప్పి, ఎర్ర స్వెట్టర్ తొడుక్కుని పైకి వచ్చి ఆరాధనలో కూర్చున్నారు.

కింది హాల్లో భోజనాలయ్యాక లోవెల్ గారు మాట్లాడారు. క్రీస్తు శిష్యుల పాదాలు కడిగిన సంగతి ఎత్తుకుని, కౌంటీ రోడ్ల మరమ్మతు దాకా వచ్చి, అక్కణ్నుంచి ఆర్డిస్ గారి మోకాలి దగ్గర ఆగారు.

"ఆవిడ నడక చూడండి" అన్నారు, చెయ్యి చాపి చూపిస్తూ. "ఆ కుంటు చూడండి. ఆపరేషన్ కూడా వదులుకున్న మనిషి. ఎవరి కోసం? మన కోసం. మనలో ఎవరికీ కష్టం కలక్కూడదని."

ఇది అక్షరాలా నిజం కాబట్టి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆవిడ కుంటుతూ వేదిక దగ్గరికి వెళ్తుంటే చప్పట్లు ఇంకా పెరిగాయి. హార్లన్ రాతి పలకను ఆవిడ రెండు చేతుల్లో పెట్టాడు. ఆవిడ ఒళ్లు ఒక పక్కకు ఒరిగింది. ఫొటో తీశారు. ఫొటోలో లోవెల్ గారి చెయ్యి పలక కింద ఉంటుంది. ఫొటో అవగానే ఆ చెయ్యి చప్పట్లకు వెళ్లిపోయింది.

చప్పట్లు ఆగలేదు. ముందు ఆపినవాడికి ఆవిడంటే గౌరవం తక్కువనుకుంటారని ఎవరూ ఆపలేదు. అందుకని హాల్లో ఖాళీగా ఉన్న చెయ్యి ఒక్కటీ లేదు. ఆర్డిస్ గారు ఆ రాయిని గుండెకు అదుముకుని, కారు దాకా మోసుకెళ్లడానికి మెట్ల వైపు నడిచారు. మొదటి మెట్టు మీద మంచి కాలు పెట్టారు. రెండోది లేవలేదు. నాకు సిగ్గేసింది. దాంతో చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టాను.

మెట్ల పక్క కుర్చీలో డెల్మర్ కూర్చుని ఉన్నాడు. సూదులు గుచ్చే ఎడమ చెయ్యి ఉబ్బి ఉంటుంది, దాంతో బరువులు ఎత్తకూడదు. అతను కుర్చీ పట్టుకుని లేచాడు.

"ఇటివ్వు ఆర్డిస్."

"నువ్వు కూర్చో. నీకు బరువు పనికిరాదు."

"ఇటివ్వమంటున్నా."

"నేను మోస్తాలే."

"ఆర్డిస్, ఇటివ్వు."

ఆవిడ ఒక కొస అతని కుడిచేతికి ఇచ్చారు. ఇద్దరూ ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతుంటే, చప్పట్ల మధ్య ఆవిడ గొంతు నాకు వినిపించింది. "మంగళవారం కాస్త ముందే వస్తా డెల్మర్. రోడ్డు మీద మంచు ఉంటుందంటున్నారు."

లోవెల్ గారి కళ్లు చెమర్చాయి. అడక్కుండా సాయానికి లేచిన ఆ రోగిష్టి మనిషిని చూపిస్తూ నా భుజం నొక్కారు.

"వచ్చే ఏడాది సన్మానం ఇతనికే" అన్నారు.

హార్లన్ పక్కనే ఉన్నాడు. చప్పట్లు కొడుతూనే డెల్మర్‌ను కిందినుంచి పైదాకా ఒకసారి చూశాడు.

"పుట్టిన సంవత్సరం ఎంత బావా?" అన్నాడు.