రెండో బకెట్

పిడుగు ఆఖరి పందెం నాటి ఉదయం గుర్రపుశాలను అద్దంలా ఉంచాలని మేనేజరు కంకణం కట్టుకున్నాడు. మేనేజరంటే యజమానిగారి అల్లుడే. పందొమ్మిది పందేల్లో ఓటమి ఎరగని గుర్రం ఇరవయ్యోది కూడా గెలిచి విశ్రాంతికి వెళ్లాలి. ఓడితే మామగారికి మొహం చూపించలేడు.

తీరా చూస్తే, పిడుగుని సాకే ముసలాయన పక్కనున్న ఖాళీ గదిలో ఒక బకెట్ పెట్టి, పిడికెడు ఉలవలు వేస్తున్నాడు.

"ఇదెవరికి పెద్దాయనా?"

"వీడి అన్నకండీ. వీడితో కలిసి పరిగెత్తిన మొదటి పందెంలోనే గుండాగి పడిపోయాడు కదా. ఇప్పటికీ వీడు ఎడమపక్కన వాడితో పోటీపడే పరిగెడతాడు. వాడికి పెట్టందే తినడు."

"చచ్చిన గుర్రానికి టిఫినా!" అని మేనేజరు బకెట్ తీయించేశాడు.

పిడుగు తన ఉలవలు ముట్టలేదు. గోడకేసి చెవిపెట్టి నిలబడిపోయింది. డాక్టరు వచ్చి కడుపునొప్పి అన్నాడు. అది విన్న జాకీ, గుర్రం పనైపోయిందని ఇంటికి ఫోన్ చేసి ఏడ్చాడు. ఆ మాట నోళ్లు మారి మేనేజరు అత్తగారి చెవిన పడేసరికి పిడుగు చచ్చిపోయింది. తొమ్మిదింటికల్లా ఆవిడ పంపిన పూలదండ వచ్చేసింది. పిడుగు నిక్షేపంగా నిలబడి ఆ దండవంకే చూసింది.

మేనేజరు తనే పరుగెత్తి రెండో బకెట్ తెచ్చి, నిండా ఉలవలు పోశాడు.

"పిడికెడు మించకూడదు బాబూ, వాడికి బలమొచ్చేస్తుంది!" అంటూనే ఉన్నాడు ముసలాయన.

ఖాళీ గదిలోంచి కరకర నమిలే చప్పుడు వచ్చింది. అప్పుడుగానీ పిడుగు తన బకెట్లో మూతి పెట్టలేదు. డాక్టరు సంచీ కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం పందెంలో పిడుగు మిగతా గుర్రాలను పది బారల వెనక వదిలేసింది. అయినా ఎవరో తరుముతున్నట్టు ప్రాణంపెట్టి పరిగెత్తింది. కన్ను మాత్రం ఎడమపక్కనే. గీత దాటగానే తల వేలాడేసింది. జనం ఈలలు వేస్తుంటే ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు.

"ఓడిపోయాడండీ. ఇదే మొదటిసారి."

మొదటి మూతి గీతను తాకగానే దానంతటదే ఫొటో తీసే కెమెరా ఒకటి ఉంది. ఆ ఫొటోలో పిడుగు మూతి గీతకు జానెడు ఇవతలే ఉంది. ముందు ఎవరూ లేరు. కెమెరా పాడైందని పందెం పెద్దలు తేల్చి, పిడుగునే విజేతగా ప్రకటించారు. మామగారు అల్లుణ్ణి కౌగలించుకున్నారు. అల్లుడి ఒళ్లు చల్లగా ఉంది.

సాయంత్రం అతను ఖాళీ గదిలోకి తొంగిచూశాడు. బకెట్లో ఒక్క గింజ లేదు. పొద్దుటి పూలదండను గుమ్మానికి తగిలించి, "తప్పైపోయింది, గెలిచింది నువ్వే," అని గొణిగి, వెనక్కి చూడకుండా నడిచాడు.

తెల్లారేసరికి గుమ్మానికి దారమొక్కటే మిగిలింది.